ఇంకో సెంటీమీటరు లోతుగా

పర్సులోంచి ఏటీఎం కార్డు తీసి దాని పొట్టి అంచు కొలవండి. 5.4 సెంటీమీటర్లు ఉంటుంది. ఎవరికైనా ఉన్నట్టుండి గుండె ఆగిపోతే, అంబులెన్సు వచ్చేలోగా పక్కనున్నవాళ్ళు చేయాల్సిన సీపీఆర్‌లో ఛాతీని నొక్కే లోతు దాదాపు అంతే. పెద్దవాళ్ళకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. మధ్యలో వీలైనంతవరకు ఆగకూడదు. చెప్పుకుంటే ఇంతే.

ఇంతే అయినా, దీన్ని బట్టీ పట్టినవాళ్ళకు సీపీఆర్ రాదు. ఈ వ్యాసం చదివినా రాదు. నొక్కుతున్న మనిషికి తను ఎంత లోతు నొక్కుతున్నాడో తెలియకపోవడమే అసలు చిక్కు. మన అరచేతికి స్కేలు లేదు. కాబట్టి పక్కన ఒక మనిషో, ఒక పరికరమో ఉండి, ‘మీరు నొక్కింది ఇంత, కావాల్సింది అంత’ అని చెప్పాలి. ఫీడ్‌బ్యాక్ అని అందరూ వాడే మాటకు అర్థం అదే. చేసిన పనికీ చేయాల్సిన పనికీ మధ్య తేడా ఎంతో చేసినవాళ్ళకు తెలియజెప్పడం. కారు నడపడం, జాకెట్టు కుట్టడం, వీణ వాయించడం, ఏది నేర్చుకున్నా ఈ తేడా ఎవరో ఒకరు చూపించాల్సిందే. ఆ పనుల్లో తేడాను అంకెల్లో పట్టుకోవడం కష్టం. సీపీఆర్‌లో అన్నీ కొలతలే. అందుకే సూటిగా చెప్పే మాట మనిషిని ఎంతవరకు మారుస్తుందో, ఎక్కడ మార్చలేదో ఇక్కడ లెక్కలతో సహా చూడొచ్చు.

రోజూ చేసేవాళ్ళకు అలవాటు మీద తెలిసిపోదా అని మీకు అనిపించవచ్చు. తెలియదు. స్టాక్‌హోమ్, లండన్, నార్వేలోని ఆకర్షస్ ప్రాంతాల్లో అంబులెన్సు సిబ్బంది 176 మంది రోగులకు చేసిన సీపీఆర్‌ను యంత్రాలతో కొలిచి, 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళంతా శిక్షణ పొందినవాళ్ళు, ఇదే వృత్తిగా బతికేవాళ్ళు. అప్పటి నియమం ప్రకారం నొక్కాల్సిన లోతు 38 నుంచి 51 మిల్లీమీటర్లు. వాళ్ళు నొక్కిన సగటు లోతు 34 మిల్లీమీటర్లు, అంటే మన ఏటీఎం కార్డు అంచులో మూడింట రెండు వంతులు కూడా లేదు. వంద నొక్కుళ్ళలో సరైన లోతుకు వెళ్ళినవి 28. ఇంకా ఆశ్చర్యం కలిగించేది, గుండె కొట్టుకోని సమయంలో 48 శాతం సేపు అసలు ఎవరూ ఛాతీ నొక్కలేదు. రెండు నిమిషాల్లో దాదాపు 58 సెకన్లు ఖాళీగా పోయాయన్నమాట.

వాళ్ళను తప్పుపట్టే ముందు పని ఎంత బరువైందో చూడాలి. పెద్దవాళ్ళ ఛాతీని 5 సెంటీమీటర్లు లోపలికి నొక్కడానికి సుమారు 50 కిలోల బరువు మోపాల్సి వస్తుంది. కిరాణా కొట్లో 25 కిలోల బియ్యం బస్తాలు ఉంటాయి చూడండి, అలాంటివి రెండు. అంత బరువు సెకనుకు దాదాపు రెండుసార్లు మోపి, రెండుసార్లు పూర్తిగా తీసేయాలి. రెండు నిమిషాల్లో అలా 200 నుంచి 240 సార్లు. ఒకటి, రెండు నిమిషాలకే లోతు తగ్గిపోతుంది. అలసిపోయామని మనకు తెలిసేసరికే ఆ తగ్గడం జరిగిపోయి ఉంటుంది. అందుకే ప్రతి రెండు నిమిషాలకు మనిషి మారాలని నియమం పెట్టారు. ‘నాకేం అలుపు లేదు, నేనే చేస్తా’ అన్న మాటను శిక్షకులు నమ్మరు.

ఇంకో సందేహం. ‘సరిగ్గా ఉంది’, ‘సరిగ్గా లేదు’ అని చెబితే చాలదా, సెంటీమీటర్ల లెక్క ఎందుకు? దీనికి జవాబు సీపీఆర్ పుట్టకముందే దొరికింది. 1932లో అమెరికాలో ట్రోబ్రిడ్జ్, కేసన్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరి కళ్ళకు గంతలు కట్టి, ముందుగా చెప్పిన పొడవులో గీత గీయమన్నారు. ఒక్కొక్కరి చేత వంద గీతలు గీయించారు. ఒక జట్టుకు ఏమీ చెప్పలేదు. ఒక జట్టుకు సంబంధం లేని అర్థంపర్థం లేని శబ్దాలు వినిపించారు. మరో జట్టుకు తప్పా, ఒప్పా అన్నది మాత్రం చెప్పారు. చివరి జట్టుకు అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన, ఎంత పొడవైందో ఎంత పొట్టైందో చెప్పారు. ఏమీ చెప్పని జట్టు వంద గీతలు గీసినా మెరుగుపడలేదు. తప్పొప్పులు విన్న జట్టు కొంత మెరుగుపడింది. తేడా ఎంతో, ఎటువైపో విన్న జట్టు అందరికంటే బాగా మెరుగుపడింది. ఇంట్లో పిల్లలతో ఇది ఆడి చూడొచ్చు. ఒక స్కేలు, ఒక కాగితం, ఒక చేతిరుమాలు చాలు. వందసార్లు సాధన చేస్తే అదే వస్తుందన్న మన నమ్మకం ఆ మొదటి జట్టు దగ్గరే ఆగిపోతుంది.

సీపీఆర్ బొమ్మలకు కూడా ఇలాంటి చరిత్రే ఉంది. ఛాతీని బయటినుంచి నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కోవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ 1960లో ప్రకటించారు. అదే ఏడాది నార్వేలో బొమ్మలు తయారుచేసే అస్మండ్ లేర్డాల్, ‘రిససీ ఆన్’ అనే శిక్షణ బొమ్మను తెచ్చాడు. దాని ముఖాన్ని, పారిస్‌లో సేన్ నదిలో దొరికిందని చెప్పుకునే ఓ పేరు తెలియని యువతి ముఖం అచ్చు నుంచి తీసుకున్నారు. (ప్రపంచమంతా ప్రాణం పోయడం నేర్చుకున్నది ఆ ముఖం మీదే. ఇది లెక్కల వ్యాసం కాబట్టి ఇంతటితో ఆపుతాను.) ఇప్పుడు మనకు కనిపించే చౌక బొమ్మల్లో, తగినంత లోతు నొక్కితే లోపలినుంచి ‘టక్’మని చప్పుడు వస్తుంది. అది గీతల ఆటలో తప్పా ఒప్పా చెప్పడం లాంటిదే. లోతు అందిందని చెబుతుంది. ఎంత తక్కువైందో చెప్పదు, వేగం చెప్పదు, ఛాతీ పూర్తిగా పైకి వచ్చిందో లేదో చెప్పదు. ఖరీదైన బొమ్మలు ఇవన్నీ లైట్లతోనో తెర మీదో చూపిస్తాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన పెద్దల సీపీఆర్ కోర్సుల్లో ఇలా కొలిచి చెప్పే పరికరం ఉండి తీరాలని 2019 జనవరి 31 నుంచి నియమం పెట్టింది.

ఈ ‘పూర్తిగా పైకి రావడం’ గురించి కాస్త ఆగి చెప్పాలి. నొక్కినప్పుడు గుండెలోని రక్తం బయటికి పోతుంది. వదిలినప్పుడు మళ్ళీ లోపల నిండుతుంది. పైకి వచ్చేటప్పుడు చేతుల బరువు ఛాతీ మీద కొంచెం మిగిలిపోయినా గుండె సరిగ్గా నిండదు. తర్వాతి నొక్కుడు ఎంత లోతుగా ఉన్నా, పంపడానికి లోపల సరిపడా రక్తం ఉండదు. నొక్కేవాళ్ళకు ఇది అస్సలు తెలియదు, ఎందుకంటే వాళ్ళ దృష్టంతా కిందికి నొక్కడం మీదే ఉంటుంది. పక్కన కూర్చుని ఛాతీ ఎత్తుకు కళ్ళు ఆనించి చూసేవాళ్ళకు ఇట్టే కనిపిస్తుంది. బయటి కన్ను అవసరం ఎందుకో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు.

ఓ అపార్టుమెంటు సెల్లార్‌లో జరిగిన శిక్షణలో చూసిన సంగతి ఇది. నేర్పుతున్నది పాతికేళ్ళ అమ్మాయి, అంబులెన్సులో పనిచేసిన అనుభవం ఉంది. బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నది రిటైరైన హెడ్‌మాస్టరు. ఆయన ముప్పైసార్లు నొక్కి తలెత్తి చూశారు. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే చప్పట్లు కొట్టేశారు. ఆ అమ్మాయి మాత్రం చప్పట్లు ఆగేదాకా ఉండి, “మాస్టారూ, వేగం సరిపోయింది. లోతు నాలుగు సెంటీమీటర్లే వచ్చింది. మోచేతులు వంగుతున్నాయండి. భుజాలు చేతులకు సరిగ్గా పైకి తెచ్చుకుని, ఒంటి బరువుతో నొక్కండి. ఇంకో సెంటీమీటరు కావాలి. మళ్ళీ ముప్పై” అంది. ఆయన కొంచెం ముందుకు జరిగి, చేతులు కర్రల్లా బిగించి మళ్ళీ నొక్కారు. ఈసారి బొమ్మ టక్కుటక్కుమంది.

అందులో ఉన్నవి చూడండి. ఏది సరిగ్గా ఉందో చెప్పింది, కాబట్టి ఆయన వేగాన్ని మార్చి పాడుచేసుకోలేదు. ఏది ఎంత తక్కువో అంకెతో చెప్పింది. ఎందుకు తక్కువైందో చెప్పింది. ఏం మార్చాలో చెప్పింది. వెంటనే ఇంకో అవకాశం ఇచ్చింది. ‘అండీ’ తీసేయలేదు, అసలు మాట మింగేయలేదు. పెద్దవాళ్ళను తప్పుపట్టినట్టవుతుందని మనవైపు చాలామంది ‘బాగా చేశారు సార్’ అని సరిపెట్టేస్తారు. ఆ మర్యాద ఖరీదు ఒక సెంటీమీటరు. ఆ సెంటీమీటరు ఎవరి ఛాతీ మీద తగ్గుతుందో మనకు తెలియదు.

మరి మొహం మీద చెబితే మనసు కష్టపెట్టుకుని ఇంకా పాడుచేయరా? ఈ భయానికి ఆధారం ఉంది, కొట్టిపారేయలేం. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అంతవరకు జరిగిన ప్రయోగాలను కలిపి 1996లో లెక్కగట్టారు. మొత్తం 607 ఫలితాలు. సగటున ఫీడ్‌బ్యాక్ పనిని మెరుగుపరిచింది. అయితే మూడింట ఒక వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో పని ముందుకంటే దిగజారింది. చెప్పిన మాట ధ్యాసను పని మీంచి మనిషి మీదికి లాగినప్పుడే చెడు ఎక్కువ జరుగుతుందని వాళ్ళ వివరణ. ‘మోచేయి వంగింది’ అన్నది పని గురించి. ‘నీ వల్ల కాదు’ అన్నది మనిషి గురించి. ఇక్కడ చాలామంది గమనించనిది, ‘నువ్వు పుట్టు మేధావివి’ అన్న పొగడ్త కూడా మనిషి గురించే. అది విన్నవాళ్ళు తర్వాతి ప్రయత్నంలో మోచేతిని కాదు, తమ పేరును కాపాడుకునే పనిలో పడతారు. కాబట్టి మాట మెత్తగా ఉందా, కటువుగా ఉందా అన్నదానికన్నా దేని గురించి అన్నదే ముందు చూడాలి.

ఎలాంటి ఫీడ్‌బ్యాక్ ఎంత లాభమో మనకు తెలిసిన ర్యాంకుల భాషలో చెప్పుకోవచ్చు. 2020లో విస్నియెవ్‌స్కీ, జీరర్, హాటీ 435 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో పాల్గొన్నవాళ్ళు 61,000 మందికి పైనే. ఇలాంటి లెక్కల్లో ‘ఎఫెక్ట్ సైజు’ అనే కొలత వాడతారు. ఒక మార్పు వల్ల సగటు మనిషి గుంపులో ఎంత ముందుకు జరిగాడో చెప్పే అంకె అది. వంద మందిలో యాభయ్యో ర్యాంకులో ఉన్న కుర్రాణ్ణి ఊహించుకోండి. ఉత్త మెచ్చుకోలు, బహుమతి, శిక్ష లాంటివాటి కొలత 0.24. దాంతో అతను సుమారు 40వ ర్యాంకుకు వస్తాడు. తప్పు దిద్ది చెప్పడం 0.46. దాంతో 32వ ర్యాంకు దరిదాపులకు. ఏం తప్పిందో, ఎందుకు తప్పిందో, ఇకమీదట తనే ఎలా గమనించుకోవాలో వివరంగా చెప్పినప్పుడు 0.99. దాంతో 16వ ర్యాంకు. ఇవి సగటులు. ఒక అధ్యయనానికీ ఇంకోదానికీ తేడా చాలా ఉందని వాళ్ళే రాశారు. మీ అబ్బాయికి కచ్చితంగా ఇదే ర్యాంకు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ 40కీ 16కీ మధ్య దూరం మాత్రం కంటికి కనిపించేంత పెద్దది.

అయితే మార్కులూ వేసి, వివరమూ చెబితే రెండు లాభాలూ వస్తాయి కదా? రావు. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ బడిపిల్లల మీద ఇదే పరీక్షించింది. కొందరికి పని మీద వ్యాఖ్యలు మాత్రమే రాసిచ్చింది, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, ఆసక్తీ నిలుపుకున్నారు. రెండూ అందుకున్నవాళ్ళకు ఆ మేలు జరగలేదు. అంకె కనిపించాక పక్కనున్న వాక్యాన్ని చదివే ఓపిక ఎవరికుంటుంది? జవాబు పత్రాలు ఇంటికి తెచ్చిన రోజు మన ఇళ్ళల్లో ఏ మూల ముందు చూస్తామో గుర్తుచేసుకుంటే చాలు. సీపీఆర్ తెరల మీద చివర్లో వచ్చే మొత్తం స్కోరుతోనూ ఇదే ఇబ్బంది. 85 వచ్చిందని లేచిపోతారు. ఆ పోయిన పదిహేను లోతులో పోయాయా, వేగంలో పోయాయా అని అడగరు. స్కోరును మొదట మూసిపెట్టి, లోతు, వేగం విడివిడిగా మాట్లాడాకే చూపించడం మేలు.

ఇక అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. ఫీడ్‌బ్యాక్ మంచిదైతే ప్రతి నొక్కుడుకూ చెబితే ఇంకా మంచిదే అనుకుంటాం. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేతి కదలికలు నేర్పుతూ దీన్ని పరీక్షించారు. ఒక జట్టుకు ప్రతి ప్రయత్నం తర్వాతా ఫలితం చెప్పారు. ఇంకో జట్టుకు మొదట్లో ఎక్కువగా, పోనుపోను తగ్గిస్తూ, మొత్తం మీద సగం ప్రయత్నాలకే చెప్పారు. నేర్చుకునేటప్పుడు రెండు జట్లూ ఇంచుమించు సమానంగానే చేశాయి. మర్నాడు ఏమీ చెప్పకుండా చేయిస్తే, సగం విన్న జట్టే మెరుగ్గా చేసింది. ప్రతిసారీ జవాబు అందుతుంటే మన ఒంటి నుంచి వచ్చే కబుర్లను మనం పట్టించుకోం. భుజం ఎంత వంగింది, అరచేతి కింద ఎంత ఎదురొత్తిడి వచ్చింది అన్నవి గుర్తుపెట్టుకోం. తెర మీది పచ్చలైటును వెంబడిస్తూ పోతాం, అంతే. రోడ్డు మీద పడిపోయిన మనిషి ఛాతీకి పచ్చలైటు ఉండదు.

అందుకని మంచి శిక్షకులు మొదటి ముప్పైకి ప్రతిదీ చెప్పి, రెండో ముప్పైకి తెర తిప్పేసి, ‘ఇప్పుడు ఎంత లోతు నొక్కానని మీకనిపించింది?’ అని అడిగి, ఆ తర్వాతే కొలత చూపిస్తారు. అనిపించింది 5, కొలత 4 అయితే, అప్పుడు చేతికే కాదు, అంచనాకూ దిద్దుబాటు జరుగుతుంది.

ఇదంతా బొమ్మల మీద సరే, అసలు మనుషుల దగ్గర ప్రాణాలు నిలబడ్డాయా? ఇక్కడ లెక్కలు కొంచెం తగ్గి మాట్లాడతాయి. షికాగో విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో డాక్టర్లకు వాళ్ళు చేసిన అసలు సీపీఆర్ రికార్డులనే వారంవారం ముందుపెట్టి చర్చించారు. చేసేటప్పుడే హెచ్చరించే యంత్రాలూ వాడారు. 2008లో వెల్లడించిన ఫలితాల ప్రకారం సగటు లోతు 44 నుంచి 50 మిల్లీమీటర్లకు పెరిగింది. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలైనవాళ్ళు వందకు 45 నుంచి 59కి పెరిగారు. అయితే డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికా, కెనడాల్లో 1,586 మంది మీద అంబులెన్సుల్లో యంత్రం చేత మాత్రమే చెప్పించి చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో లోతు 38 నుంచి 40 మిల్లీమీటర్లకే పెరిగింది, గుండె తిరిగి కొట్టుకున్నవాళ్ళు యంత్రం చెప్పినా, చెప్పకపోయినా 44, 45 శాతమే. అంటే దాదాపు తేడా లేదు. రెండు అధ్యయనాల పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. నాకు మాత్రం, హడావుడిలో యంత్రం అరిచే మాట కన్నా తీరిగ్గా కూర్చుని రికార్డు ముందుపెట్టుకుని మాట్లాడుకున్నదే చేతికి ఎక్కువగా ఎక్కిందనిపిస్తుంది. సీపీఆర్ బాగా చేసినంత మాత్రాన అందరూ బతకరన్నదీ నిజం. గుండె ఎందుకు ఆగింది, గుండెకు విద్యుత్ షాక్ ఎంత త్వరగా అందింది అన్నవి మన చేతిలో ఉండవు.

చేతిలో ఉన్నది మొదటి కొద్ది నిమిషాలు. షాక్ ఇస్తే తిరిగి కొట్టుకునే రకంగా గుండె ఆగిపోయినప్పుడు, సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది. ఎవరైనా నొక్కుతుంటే ఆ తగ్గుదల నిమిషానికి 3, 4 శాతానికి నెమ్మదిస్తుంది. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలయ్యాయి. అయినా ఎంత వేగంగా వచ్చే బండికైనా ట్రాఫిక్ ఉంటుంది. అది పది నిమిషాల్లో వస్తే మీ వంతు 1,000 నుంచి 1,200 నొక్కుళ్ళు.

2023లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టాక కాలనీల్లో, కాలేజీల్లో ఇలాంటి క్లాసులు తరచూ కనిపిస్తున్నాయి. మీ కాలనీలో పెట్టిస్తుంటే ముందే ఒక చిన్న లెక్క వేయండి. గంట సమయం, నలభై మంది, రెండు బొమ్మలు. మనిషికి వచ్చేది మూడు నిమిషాలు. ఉపన్యాసం నలభై నిమిషాలు సాగితే మిగిలేది ఒక నిమిషం. ఆ నిమిషంలో బొమ్మతో ఫోటో దిగొచ్చు, నేర్చుకోలేం. పదిమందిని తగ్గించమనండి, ఉపన్యాసాన్ని కుదించమనండి, బొమ్మ కనీసం టక్కుమనే రకమో కాదో అడగండి. మీ వంతు కానప్పుడు పక్కన కూర్చుని ఎదుటివాళ్ళ మోచేతులు, ఛాతీ పైకి రావడం చూసి చెప్పండి. ఆ పనికి డబ్బు కానీ పరికరం కానీ అక్కర్లేదు. నేర్చుకున్నది మూడు నుంచి ఆరు నెలల్లో సడలిపోతుంది కాబట్టి ఏడాదికోసారి పెద్ద సభ కన్నా మూణ్ణెల్లకోసారి పది నిమిషాలు మేలు.

నిజంగా అవసరం పడినప్పుడు 108కి కలిపి ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచండి. నొక్కేవాళ్ళు పైకి వినబడేలా లెక్కపెట్టాలి. అవతలి మనిషికి మీ వేగం చెవిన పడుతుంది, నెమ్మదిస్తే చెప్పగలుగుతారు. లోతు మాత్రం ఫోన్‌లో వినిపించదు.